పాడైన హార్డ్ డిస్క్‌ను కంపెనీ వారంటీలో మార్చుకోవడం ఎలా

"అన్నా, హార్డ్ డిస్క్ పోయింది. వారంటీ ఇంకా ఉంది. పంపిస్తే పెళ్లి వీడియోలతో సహా కొత్తది వచ్చేస్తుంది కదా?"

కావలిలో నా సర్వీస్ షాపుకు నెలకు నాలుగైదు సార్లయినా ఈ ప్రశ్న వస్తుంది. కందుకూరు నుంచి, సింగరాయకొండ నుంచి, ఒక్కోసారి ఒంగోలు నుంచి కూడా ఫోన్ చేసి అడుగుతారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది ఫొటో స్టూడియోల వాళ్లు. తర్వాత రొయ్యల చెరువుల దగ్గర, చీమకుర్తి వైపు గ్రానైట్ ఫ్యాక్టరీల్లో సీసీ కెమెరాలు పెట్టించుకున్నవాళ్లు.

జవాబు: వీడియోలు రావు. వారంటీ డిస్కుకే గానీ లోపలున్న ఫైళ్లకు కాదు. కంపెనీ ఇచ్చేది ఖాళీ డిస్క్. డిస్క్ మార్చి ఇచ్చారంటే మీరు పంపింది మళ్లీ మీ చేతికి రాదు. ఈ సంగతి తెలియక పంపేసి, ఆ తర్వాత వచ్చి నా ముందు కూర్చుని ఏడ్చినవాళ్లున్నారు. అందుకే ఈసారి మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. వరస తప్పకుండా చేయండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- డిస్క్. పైన కంపెనీ లేబుల్ చిరగకుండా ఉండాలి, స్క్రూలు ఎవరూ విప్పి ఉండకూడదు.
- జీఎస్టీ బిల్లు. దాని మీద సీరియల్ నంబర్ రాసి ఉంటే మరీ మంచిది. చిన్న మిషన్ మీద కొట్టిచ్చే థర్మల్ బిల్లు మన ఎండలకు ఆరు నెలల్లో తెల్లకాగితం అయిపోతుంది. కొన్నరోజే ఫొటో తీసి మీ మెయిల్‌కు మీరే పంపుకోండి.
- పనిచేస్తున్న ఇంకో కంప్యూటర్, ఇంకో కేబుల్.
- వెండిరంగు యాంటీ స్టాటిక్ కవర్ (స్టాటిక్ కరెంటు తగలకుండా కాపాడేది), స్పాంజి లేదా బబుల్ షీట్, గట్టి అట్టపెట్టె.
- ఫోన్ కెమెరా.

1. ముందు డేటా సంగతి తేల్చుకోండి

డిస్క్ ఇంకా కనబడుతోందా? అయితే దాంతో పని ఆపేయండి. అందులోకి కొత్తగా ఏదీ ఎక్కించొద్దు. మళ్లీ దొరకని ఫైళ్లను ముందు కాపీ చేయండి. సినిమాలు, సాఫ్ట్‌వేర్లు తర్వాత. ఒక్కో ఫోల్డర్‌గా తీయండి. ఎక్కడైనా ఇరుక్కుపోతే అక్కడే అరగంట కొట్టుకోకుండా దాన్ని వదిలి తర్వాతి దానికి వెళ్లండి. డిస్క్ చివరి ఊపిరి మీద ఉన్నప్పుడు ప్రతి నిమిషం విలువైనదే.

ఇక్కడ అందరూ చేసే పెద్ద తప్పు చెక్ డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రామ్) కొట్టడం. విండోస్ అడుగుతుంది కదా అని ఓకే నొక్కేస్తారు. అది డిస్క్ మొత్తం తిరగేస్తూ, అందులో మార్పులు రాస్తూ పోతుంది. అంతంతమాత్రంగా ఉన్న డిస్క్ ఆ దెబ్బతో పూర్తిగా కూర్చుంటుంది. కాపీ అయ్యేదాకా దాని జోలికి వెళ్లొద్దు.

లోపల టిక్కు, టిక్కు అని చప్పుడు వస్తుంటే వెంటనే కరెంటు తీసేయండి. మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడొద్దు. డేటా చదివే హెడ్ లోపలి పళ్లేన్ని గీకుతూ ఉండొచ్చు. ఆన్ చేసిన ప్రతిసారీ కొంత డేటా శాశ్వతంగా పోవచ్చు. ఫ్రిజ్‌లో పెడితే పనిచేస్తుందని యూట్యూబ్‌లో చూసి వచ్చేవాళ్లున్నారు. మన సముద్రతీరం తేమకు బయటకు తీసిన క్షణంలోనే దాని మీద నీళ్లు పడతాయి. చేయొద్దు.

డీవీఆర్‌లోంచి, అంటే సీసీ కెమెరాల వీడియో రికార్డు చేసే పెట్టెలోంచి తీసిన డిస్క్ అయితే ఇంకో జాగ్రత్త ఉంది. చాలా డీవీఆర్‌లు తమ సొంత పద్ధతిలో రికార్డు చేసుకుంటాయి. అలాంటి డిస్క్‌ను కంప్యూటర్‌కు తగిలిస్తే విండోస్‌కు అర్థంకాక "ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతుంది. క్యాన్సిల్ నొక్కండి. చెరువు దగ్గర మోటారు దొంగతనం జరిగి, ఆ ఫుటేజీ పోలీసులకు ఇవ్వాల్సి ఉంటే, అది బయటకు తీసేదాకా వారంటీ ఊసే ఎత్తొద్దు.

డిస్క్ అసలు లేవడం లేదు, డేటా మాత్రం కావాల్సిందే అంటే చెన్నైలోనో హైదరాబాద్‌లోనో రికవరీ ల్యాబులు ఉన్నాయి. కానీ డిస్క్ విప్పారంటే మామూలుగా వారంటీ పోయినట్టే. ఇవ్వకముందే కంపెనీకి మెయిల్ పెట్టి, ఏ ల్యాబుకు ఇస్తే వారంటీ నిలుస్తుందో రాతలో తెప్పించుకోండి. సీగేట్‌లో కొన్ని మోడళ్లకు రెస్క్యూ అని డేటా రికవరీ సేవ డిస్క్‌తోపాటే కలిపి ఇస్తారు. మీది అందులో ఉందేమో పెట్టె మీద చూడండి. అది ఉంటే వేలకు వేలు మిగులుతాయి.

2. పాడైంది డిస్కేనా?

నా దగ్గరికి "పోయింది" అని తెచ్చేవాటిలో బాగున్నవి కూడా చాలానే ఉంటాయి. పొదిలి నుంచి ఒక స్టూడియో ఆయన టేబుల్ మీద పెట్టుకునే 4 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చాడు. లైటు వెలుగుతోంది, గుయ్యిమని తిరగడం మొదలెడుతుంది, రెండు క్షణాల్లో ఆగిపోతుంది, మళ్లీ మొదలు. అడాప్టర్‌ను మల్టీమీటర్‌తో కొలిస్తే సరిగ్గా 12 వోల్టులు. అయినా అనుమానం తీరక డిస్క్ తగిలించి ఉండగానే కొలిచాను. ముల్లు 9 దగ్గరికి పడిపోయింది. అడాప్టర్ మార్చాం, ఫైళ్లన్నీ ఉన్నాయి. ఆయన అప్పటికే ఆ డిస్క్ పంపేయడానికి పెట్టె కట్టుకుని వచ్చాడు.

కాబట్టి ఇవన్నీ మార్చి చూడండి: కేబుల్, పోర్టు, అడాప్టర్, చివరగా కంప్యూటరే. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టు కాకుండా వెనకవైపు పోర్టుకు పెట్టండి.

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్ల నుంచి వచ్చే డిస్కుల్లో కనెక్టర్ కాళ్లు నల్లబడి, ఒక్కోసారి పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. ఉప్పుగాలి పని అది. మెత్తటి గుడ్డకు కాస్త ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) అద్ది తుడవండి. గరుకు కాగితం పెట్టి గీకితే ఆ గీతలే చూపించి వారంటీ కాదంటారు.

ఇంకో మూడు విషయాలు అసలు లోపాలే కావు. 1 టీబీ డిస్క్ విండోస్‌లో 931 జీబీ చూపించడం మామూలే, లెక్కపెట్టే పద్ధతిలో తేడా అంతే. కొత్త డిస్క్ మై కంప్యూటర్‌లో కనబడకపోయినా డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనబడితే దాన్ని ఇంకా ఇనీషియలైజ్ చేయలేదని, అంటే వాడకానికి సిద్ధం చేయలేదని అర్థం. 4 టీబీ డిస్క్‌లో 2 టీబీయే వాడుకోనిస్తుంటే ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతి పెట్టారు, జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చాలి. మార్చేముందు ఫైళ్లు తీసి పెట్టుకోండి.

3. రీడింగులు తీసి ఫొటో పెట్టుకోండి

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు అందులో కనబడతాయి. నాలుగు వరసలు చూస్తే చాలు.

- 05: పాడైన చోట్లకు బదులుగా డిస్క్ వాడేసుకున్న స్పేర్ సెక్టార్లు (సెక్టార్ అంటే డిస్క్‌లో డేటా దాచే చిన్న గడి).
- సీ5: చదవలేక అనుమానంలో పెట్టిన సెక్టార్లు.
- సీ6: ఇక సరిచేయడం కుదరనివి.
- సీ7: కేబుల్ దారిలో వచ్చిన తప్పులు.

మొదటి మూడూ సున్నా ఉండాలి. సీ5, సీ6 రోజురోజుకూ పెరుగుతుంటే డిస్క్ పోతున్నట్టే. సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్ బాగానే ఉంది, కేబుల్ మార్చండి. ఆ కేబుల్ తప్పుకు డిస్క్ పంపి, "లోపం లేదు" అని తిరిగొచ్చాక నన్ను తిట్టుకోవద్దు.

సీగేట్ డిస్కుల్లో 01, 07 వరసల దగ్గర భారీ అంకెలు కనబడతాయి. ఆ కంపెనీ లెక్క రాసే తీరే అంత, కంగారు పడొద్దు. పైగా క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో మొదట అంకెలను హెక్స్‌లో, అంటే అంకెలూ ఇంగ్లిష్ అక్షరాలూ కలిపి రాసే లెక్కలో చూపిస్తుంది. మెనూలో రా వాల్యూస్ దగ్గర 10 ఎంచుకుంటే మనం చదివే మామూలు అంకెల్లోకి మారతాయి.

తర్వాత కంపెనీ సొంత ప్రోగ్రామ్‌తో పెద్ద టెస్ట్ పెట్టండి. సీగేట్‌కు సీటూల్స్, వెస్టర్న్ డిజిటల్‌కు (డబ్ల్యూడీ) వాళ్ల సపోర్ట్ పేజీలో ఇచ్చే ప్రోగ్రామ్. ఫెయిల్ అని వస్తే ఆ స్క్రీన్‌షాట్ దాచండి. ఫారంలో లోపం వివరం అడిగినప్పుడు "పనిచేయట్లేదు" అని రాసేకంటే "లాంగ్ టెస్ట్ ఫెయిల్, సీ5 ఇంత" అని రాస్తే అవతలివాళ్లు తిరిగి ప్రశ్నలు వేయరు. డిస్క్ అసలు లేవకపోతే ఈ టెస్టులేవీ అక్కర్లేదు, లేవడం లేదని రాస్తే చాలు. డేటా ఇంకా బయటకు తీయకపోతే మాత్రం ఈ పెద్ద టెస్ట్ పెట్టొద్దు, అది కూడా డిస్క్‌ను అలసగొడుతుంది.

4. వారంటీ నిజంగా ఉందా?

కంపెనీ వెబ్‌సైట్‌లో సపోర్ట్ పేజీకి వెళ్లి వారంటీ చెక్ దగ్గర సీరియల్ నంబర్ కొట్టండి. లేబుల్ మీద సున్నాకు, ఓ అక్షరానికి, 8కి, బీకి తేడా కనిపెట్టడం కష్టం. ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చదవండి. కనబడుతున్న డిస్క్ అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో ఉన్న నంబర్‌తో పోల్చుకోండి.

వారంటీ కాలం మోడల్‌ను బట్టి మారుతుంది. సీగేట్ బారాకుడా, డబ్ల్యూడీ బ్లూ లాంటి మామూలు డెస్క్‌టాప్ డిస్కులకు 2 ఏళ్లు. కెమెరాల కోసం చేసే డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్‌లకు 3 ఏళ్లు. డబ్ల్యూడీ బ్లాక్, ఐరన్‌వుల్ఫ్ ప్రో లాంటివాటికి 5 ఏళ్లు. ఏదైనా మీ సీరియల్ నంబర్‌కు వెబ్‌సైట్ చూపించే తేదీయే లెక్క. ఆ తేదీ మీ బిల్లు ప్రకారం రావాల్సినదానికంటే ముందే ఉంటే బిల్లు అప్‌లోడ్ చేసి సరిచేయమని అడగండి. డిస్క్ షాపు అల్మరాలో పడున్న నెలలు కూడా అందులో కలిసిపోయి ఉంటాయి.

వెబ్‌సైట్ "వారంటీ లేదు" అంటే మూడు కారణాలు ఉండొచ్చు.

ల్యాప్‌టాప్‌తోనో బ్రాండెడ్ కంప్యూటర్‌తోనో వచ్చిన డిస్క్ అయితే దాని బాధ్యత ఆ కంప్యూటర్ కంపెనీది. డిస్క్ కంపెనీ తీసుకోదు. కంప్యూటర్ సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి.

దుబాయ్ నుంచో అమెరికా నుంచో బంధువులు తెచ్చిందైతే ఆ ప్రాంతానికే వారంటీ అని చూపించే అవకాశం ఉంది. మళ్లీ అటు వెళ్లేవాళ్లతో పంపించి అక్కడే మార్పించడం తప్ప ఇక్కడ చేయగలిగింది తక్కువ.

మూడోది బాధ కలిగించేది. మొన్ననే "కొత్తది" అని కొన్నారు, వెబ్‌సైట్‌లో మాత్రం వారంటీ ఎప్పుడో అయిపోయింది. అది పాత డిస్కుకు మెరుగులు దిద్ది అమ్మిన సరుకు కావొచ్చు. ఆ రోజే బిల్లు పట్టుకుని అమ్మినవాళ్ల దగ్గరికి వెళ్లండి. చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో కొన్నా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, నెల్లూరు ట్రంకు రోడ్డులో కొన్నా, డబ్బు ఇవ్వకముందే అక్కడే నిలబడి ఫోన్‌లో సీరియల్ నంబర్ కొట్టి చూసుకోండి. రెండు నిమిషాల పని. అమ్మేవాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

5. షాపుకా, కంపెనీకా?

ఆన్‌లైన్‌లో కొని ఇంకా రిటర్న్ గడువు ఉంటే ముందు అక్కడే పెట్టండి, అది తొందరగా తెములుతుంది. గడువు దాటితే నేను కంపెనీకే నేరుగా పంపమంటాను. షాపు ద్వారా పంపడం తప్పేం కాదు. కానీ చేతులు మారే కొద్దీ మీ డిస్క్ ఎక్కడుందో తెలియదు. షాపులో ఇస్తే తేదీ, మోడల్, సీరియల్ నంబర్ రాసిన రసీదు తీసుకోండి. తెలిసినవాళ్లే కదా అని కాగితం లేకుండా ఇచ్చి, మూడు నెలల తర్వాత "నువ్విచ్చింది 1 టీబీయే" అనిపించుకున్నవాళ్లు ఉన్నారు.

6. ఆర్‌ఎంఏ నంబర్ తీసుకోండి

కంపెనీ వెబ్‌సైట్‌లో అకౌంట్ తెరిచి రిటర్న్ రిక్వెస్ట్ పెడితే ఒక నంబర్ ఇస్తారు. దాన్నే ఆర్‌ఎంఏ అంటారు. అది లేకుండా పంపిన పెట్టెను దిక్కులేని పార్సిల్ కిందే చూస్తారు.

అడ్రస్ పూర్తిగా, పిన్‌కోడ్‌తో ఇవ్వండి. "రామాలయం పక్కన" అని ఒక్క గుర్తు రాసి వదిలేస్తే మారి వచ్చిన డిస్క్ తిరుగు టపాలో వెనక్కి పోతుంది. ఎక్కడికి పంపాలో, పికప్ ఉందో లేదో, కలెక్షన్ సెంటర్‌లో ఇవ్వాలో, ఎన్ని రోజుల్లో చేరాలో అన్నీ మెయిల్‌లో వస్తాయి. ఎవరో చెప్పిన పాత అడ్రస్‌కు పంపొద్దు, మీ మెయిల్‌లో ఉన్నదానికే పంపండి.

7. తుడవగలిగితే తుడవండి

ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు, ఊరి ఆడపిల్లల పెళ్లి ఫొటోలు... ఇవన్నీ ఆ డిస్క్‌లో ఉన్నాయని మరచిపోవద్దు. స్టూడియో నడిపేవాళ్లకు ఇది వృత్తి ధర్మం. డిస్క్ ఇంకా పనిచేస్తుంటే, డేటా మొత్తం తీసుకున్నాక ఫార్మాట్ చేయండి. క్విక్ ఫార్మాట్ దగ్గర టిక్కు తీసేయాలి. అప్పుడే మొత్తం మీద సున్నాలు రాస్తుంది. గంటలు పడుతుంది, పట్టనివ్వండి.

తుడవడానికి వీలు లేదు, అందులో ఉన్నవి ఎవరి కంటా పడకూడనివి అంటే నా సలహా: ఆ వారంటీ వదులుకోండి. ఒక్క డిస్క్ కోసం నమ్మి ఫొటోలు ఇచ్చిన కుటుంబాన్ని ఇబ్బందుల్లోకి నెట్టొద్దు.

8. ప్యాకింగ్

నేను ఒళ్లంతా కళ్లు చేసుకుని చేసే పని ఇది. దీనికి కారణం ఉంది. మొదట్లో ఒక కస్టమర్ 2 టీబీ డిస్క్‌ను పాత దినపత్రికల్లో చుట్టి, చెప్పుల పెట్టెలో పెట్టి కొరియర్‌లో పంపాను. పది రోజులకు మెయిల్ వచ్చింది: మూల నొక్కుకుపోయింది, వారంటీ వర్తించదు. మన దగ్గర బయల్దేరినప్పుడు బాగానే ఉందని చెప్పడానికి నా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. ఆ డిస్క్ డబ్బు నేనే కట్టాను.

ఇలా చేయండి. ముందు డిస్క్ ఆరు వైపులా ఫొటోలు తీయండి. లేబుల్, అడుగున పచ్చ బోర్డు, కనెక్టర్ కాళ్లు స్పష్టంగా పడాలి. తర్వాత డిస్క్‌ను యాంటీ స్టాటిక్ కవర్‌లో పెట్టండి. చుట్టూ అన్ని వైపులా 5 సెంటీమీటర్ల మందాన స్పాంజి గానీ బబుల్ షీట్ గానీ ఉండాలి. దినపత్రికలు, థర్మాకోల్ ముక్కలు వద్దు, అవి దారిలో నలిగి ఒక పక్కకు చేరతాయి. పెట్టె మూసి రెండు చేతులతో గట్టిగా ఊపండి. లోపల కదిలినట్టు చిన్న చప్పుడు వచ్చినా విప్పి మళ్లీ కట్టండి.

డీవీఆర్ బిగింపు పట్టీలు, స్క్రూలు, కేబుళ్లు పంపొద్దు, తిరిగి రావు. ఎక్స్‌టర్నల్ డిస్క్ అయితే పైడబ్బా విప్పకుండా అలాగే పంపాలి. "లోపల డిస్క్ ఒక్కటి పంపితే బరువు తగ్గుతుంది" అనుకుని డబ్బా పగలగొడితే వారంటీ అక్కడితో సరి.

ఆర్‌ఎంఏ నంబర్‌ను పెట్టె పైన పెద్దగా రాయండి. లోపల కూడా ఒక చీటీ వేయండి. పైది వానకు తడిసినా లోపలిది ఉంటుంది.

9. పంపడం

పికప్ లేకపోతే స్పీడ్ పోస్ట్ గానీ మంచి కొరియర్ గానీ. ఇన్సూరెన్స్ అడగండి. ట్రాకింగ్ రసీదు డిస్క్ మారి వచ్చేదాకా పారేయొద్దు. చేరినట్టు ట్రాకింగ్ చూపించినా, వారం రోజుల్లో ఆర్‌ఎంఏ పేజీలో "అందింది" అని మారకపోతే మెయిల్ పెట్టండి. ఫోన్లో మాట్లాడినా సరే, అదే విషయం మళ్లీ మెయిల్‌లో రాసి ఉంచండి.

కారణం సరిగ్గా చెప్పకుండా తిరస్కరిస్తే మీ ఫొటోలు జతచేసి ఒకసారి రాతపూర్వకంగా అడగండి. అయినా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే చెప్పుకోవచ్చు. అక్కడా తేలకపోతే నెల్లూరులో, ఒంగోలులో జిల్లా వినియోగదారుల కమిషన్లు ఉన్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా సరే, మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కొన్న వస్తువు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వివాదం మొదలైన 2 ఏళ్లలోపు వేయాలి. స్టూడియో వాళ్లు "మాది వ్యాపారం కదా, మాకు వర్తించదేమో" అనుకుంటారు. సొంతంగా పనిచేసి బతకడానికి కొన్నదైతే మీరూ వినియోగదారే.

10. మారి వచ్చిన డిస్క్‌ను పరీక్షించండి

పెట్టె విప్పుతూ వీడియో తీయండి. వచ్చేది సరికొత్తదే అయి ఉండాలని లేదు. బాగుచేసి పరీక్షించిన డిస్క్ రావొచ్చు, లేబుల్ మీద రీసర్టిఫైడ్ అని ఉంటుంది. వారంటీ నిబంధనల్లో దానికి వీలుంది, మోసం కాదు. కెపాసిటీ మాత్రం మీరు పంపినదానికి తగ్గకూడదు.

కొత్త సీరియల్ నంబర్ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ తేదీ చూడండి. మామూలుగా పాత డిస్కుకు మిగిలిన కాలం గానీ 90 రోజులు గానీ, ఏది ఎక్కువైతే అది ఇస్తారు. మళ్లీ మొదటి నుంచి రెండేళ్లు రావు.

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05, సీ5, సీ6 మూడూ సున్నా ఉన్నాయా చూసి, పెద్ద టెస్ట్ పెట్టండి. 4 టీబీకి 7, 8 గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పడుకోండి, యూపీఎస్ మీద మాత్రమే. టెస్ట్ అయ్యాక మళ్లీ ఆ మూడు వరసలు చూడండి. సున్నాలు అలాగే ఉంటే వాడుకోవచ్చు. ఒక్కటి కదిలినా ఫైళ్లు ఎక్కించకుండా అదే రోజు మళ్లీ ఆర్‌ఎంఏ పెట్టండి. ఆ మెయిల్‌లో పాత ఆర్‌ఎంఏ నంబర్ కూడా రాయండి, రెండోసారి వచ్చిన కేసని వాళ్లకు అర్థమవుతుంది.

అన్నీ సరిగ్గా ఉంటే పాత బిల్లు, ఆర్‌ఎంఏ మెయిల్ ప్రింటు, కొత్త సీరియల్ నంబర్ మూడూ కలిపి పిన్ను కొట్టి పెట్టుకోండి. బిల్లు మీద ఉన్నది పాత నంబర్. రేపు ఈ డిస్క్ కూడా పోతే రెండింటికీ సంబంధం చూపించేది ఆ మెయిల్ కాగితమే.